మా పెదనాన్న రంగంలో పోయాడు

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

పెద్దలకి, తల్లులకి నమస్కారం. ముందు వరసలో కూర్చున్న మాజీ సైనికులకి ఇంకోసారి నమస్కారం. పిల్లలూ, ఆ చివరికి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి.

నన్ను పిలిచినప్పుడు యుద్ధవీరుల గురించి మాట్లాడమన్నారు. వీరుల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఒక మామూలు సిపాయి గురించి చెబుతాను. ఆయన కొండెక్కి జెండా పాతలేదు. శత్రువు మొహం చూడలేదు. పలుగూ పారా పట్టుకుని వానలో రోడ్డు వేశాడు, జబ్బు చేసింది, పోయాడు. అప్పటికి 22 ఏళ్ళు. మా నాన్నకి అన్నయ్య, నాకు పెదనాన్న. నేను పుట్టడానికి పన్నెండేళ్ళ ముందే పోయాడు.

పేరు చెప్పను. ఎందుకంటే ఆ పేరు ఇప్పుడు మా ఇంట్లో ఇద్దరికి ఉంది. మా అన్నయ్యకి ఉంది, మా మేనల్లుడి కొడుక్కి ఉంది. రికార్డయ్యే చోట మా పేరు వద్దు అన్నారు. సరే అన్నాను. పెదనాన్న అంటే చాలు, మీకు అర్థమవుతుంది.

ఆయన గురించి మా ఇంట్లో మిగిలింది ఒకే ఒక్క మాట. మా నాయనమ్మ మాట. ఎవరడిగినా అదే చెప్పేది. "నా కొడుకు రంగంలో పోనాడు. కాయితం ఒచ్చినాది గాని మనిషి రానేదు."

రంగంలో పోయాడు. ఈ మాట వింటే మీకేమనిపిస్తుంది? ఆ బాబు చెబుతున్నాడు, యుద్ధరంగంలో అని. నేను కూడా చిన్నప్పుడు అలాగే అనుకున్నాను. యుద్ధరంగంలో పోయాడు, కత్తి పట్టుకుని పోయాడు, అని. కానీ ఇక్కడున్న పెద్దవాళ్ళకి తెలుసు. మన వైపు రంగం అంటే ఏమిటి? రంగూన్, బర్మాలో పెద్ద రేవు పట్నం. రంగం వెళ్ళాడు అంటే ఓడెక్కి రంగూన్ వెళ్ళాడని. మా నాయనమ్మ ఏ రంగం అన్నదో ఆవిడ బతికుండగా నేను అడగలేదు. 1978లో పోయింది. పక్కనే పడుకునేవాణ్ణి, అడగలేదు. ఇది నాకు ఇప్పటికీ బాధ.

రంగం గురించి కొంచెం చెప్పాలి, పిల్లలకి తెలియదు. ఇప్పుడు మన కుర్రాళ్ళు గల్ఫు వెళ్తున్నట్టు, ఓడల మీద పనికి వెళ్తున్నట్టు, అప్పట్లో ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి వేలకు వేలమంది రంగూన్ వెళ్ళేవారు. రేవులో మూటలు మోయడానికి, బియ్యం మిల్లుల్లో పనికి, రిక్షా లాగడానికి. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. మనవాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారు. కాకినాడ దగ్గర కోరంగి రేవుంది చూడండి, ఆ పేరు. మన పల్లెల్లో ఎన్ని ఇళ్ళు రంగం డబ్బుతో లేచాయో, ఎన్ని పెళ్ళిళ్ళు ఆ డబ్బుతో జరిగాయో! మా తాత కూడా వెళ్ళాడు. బియ్యం మిల్లులో పని. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి వచ్చేవాడు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చికల్లా ఊరు వాళ్ళ చేతిలోకి పోయింది. ఓడలు లేవు. దాదాపు 5 లక్షల మంది భారతీయులు బర్మా వదిలి వచ్చేశారు, ఎక్కువమంది కాలినడకన. దారిలో పోయినవాళ్ళకి లెక్క లేదు. మా తాత నడిచే వచ్చాడు. మాండలే మీదుగా, కొండలు దాటి, తాము అనే ఊరు మీదుగా, పాలెల్ మీదుగా ఇంఫాల్ చేరాడు. అక్కడి నుంచి దిమాపూర్ వచ్చి రైలెక్కాడు. ఇల్లు చేరేసరికి నాయనమ్మ గుర్తుపట్టలేదట. మనిషి సగమైపోయాడు.

ఈ పేర్లు గుర్తుంచుకోండి. తాము, పాలెల్. మళ్ళీ వస్తాయి.

ఆ ఏప్రిల్ 6నే విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. మన తీరమంతా హడలిపోయింది. రంగం నుంచి డబ్బు ఆగిపోయింది. బర్మా బియ్యం ఆగిపోయింది, ధరలు పెరిగాయి. ఇంట్లో మా తాత మంచం మీద, కింద చిన్నపిల్లలు. పెద్దకొడుకు ఏం చేస్తాడు? మీరే చెప్పండి. 21 ఏళ్ళవాడు, చదువు లేదు, పొలం లేదు. పటాలంలోకి మనుషుల్ని తీసుకుంటున్నారు. వెళ్ళాడు.

అంతకు ముందు ఇరవై ఏళ్ళుగా తెల్లదొరలు మద్రాసు వాళ్ళు యుద్ధానికి పనికిరారని అనేవారు. పంజాబీలు, గూర్ఖాలు, పఠాన్లు, వీళ్ళే వీరజాతులట. మద్రాసు పదాతి పటాలాల్ని ఒక్కటొక్కటిగా రద్దు చేసేశారు. ఇంజనీరింగు పనులు చేసే మద్రాసు శాపర్లని మాత్రం ఉంచుకున్నారు. జపాను తలుపు తట్టేసరికి పనికిరానివాళ్ళు పనికొచ్చారు. ఆ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలకి పెరిగింది. అందరూ తమంతట తాము చేరినవాళ్ళే అని పుస్తకాల్లో రాస్తారు. ఆకలి తరిమితే చేరినవాణ్ణి తనంతట తాను చేరాడనడం సరైన మాటేనా? నాకు మింగుడుపడదు.

పెదనాన్నని పెట్టింది తుపాకీ పటాలంలో కాదు. ఇండియన్ పయనీర్ కోర్. రోడ్లు వేయడం, బరువులు దింపడం, కొండచరియలు విరిగిపడితే తవ్వి తీయడం. మా నాయనమ్మ దాన్ని పలుగూ పారా పటాలం అనేది. నెలనెలా మనియార్డరు వచ్చేది. ఏడాది దాటింది. ఒకనాడు మనియార్డరు రాలేదు, కాగితం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. పోస్టుమాస్టరు గారు చదివి చెప్పారట. ఆ కాగితం ఏ వరదలోనో చెదల్లోనో పోయింది. మా నాన్నకి అప్పటికి పదకొండేళ్ళు.

మన వైపు సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టుకుంటాం కదా. ఇంట్లో పోయినవాళ్ళ పేరు చెప్పి కొత్త బట్టలు పెట్టి, దణ్ణం పెట్టుకుని, తరవాత ఇంట్లోవాళ్ళు కట్టుకుంటారు. మా నాయనమ్మ ఆ బట్టల్లో పెద్దకొడుక్కి పంచె పెట్టనిచ్చేది కాదు. కాగితం వచ్చింది నిజమే. మనిషి పోతే మనిషిని చూడాలి కదా, బూడిదయినా చూడాలి కదా. ఏమీ రాలేదు. అందుకని పెద్దల్లో కలపలేదు. మా తాత పోయినప్పుడు కూడా పెట్టలేదు. 1961లోనో 62లోనో ఒక సంక్రాంతికి తనే వెళ్ళి పంచె కొనుక్కొచ్చి పీట మీద పెట్టిందట. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఎవరికి వారు పని చూసుకున్నారు. మా అమ్మ చెప్పేది ఈ సంగతి.

నేను వెతకడం మొదలుపెట్టింది ఉద్యోగ విరమణ అయ్యాక, 2013లో. చేతిలో ఏముంది? ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు పేరు, రంగంలో పోయాడన్న మాట. ఒక ఆఫీసుకి వెళ్ళాను. ఏ ఆఫీసో చెప్పను. అక్కడాయన నా మాట సాంతం వినకుండానే, "మాస్టారూ, బ్రిటిష్ వాళ్ళ కాలం మనిషి. ఇప్పుడెవరికి కావాలి?" అన్నాడు. నేను బయటికొచ్చి బస్టాండులో కూర్చున్నాను. ఆయన మీద కోపం రాలేదు. నిజంగా ఎవరికి కావాలి, అని ఆలోచించాను. నాకు కావాలి, అనుకున్నాను. అంతే. అంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు.

ఇక్కడ ఒక రాయి గురించి చెప్పాలి. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఊరి నుంచి 90 మంది వెళ్ళారని, రెండో యుద్ధానికి వెయ్యిమందికి పైగా వెళ్ళారని ఊళ్ళో గర్వంగా చెప్పుకుంటారు. ఇప్పటికీ ఇంటికో సిపాయి ఉంటాడు. మొదటి యుద్ధమయ్యాక ప్రభుత్వం మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా ఊళ్ళలో రాళ్ళు వేయించింది. ఈ ఊరి నుంచి ఇంతమంది 1914–1919 మహాయుద్ధానికి వెళ్ళారు, అందులో ఇంతమంది ప్రాణాలిచ్చారు. అంతే ఉంటుంది దాని మీద. పేర్లుండవు. అంకె ఉంటుంది. గమనించండి, అంకె.

ఊళ్ళో రాయేనా? ఇరాక్‌లో బస్రా దగ్గర పెద్ద స్మారకం ఉంది. మొదటి యుద్ధంలో మెసపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్ వైపు, పోయిన 40,000 మందికి పైగా సైనికుల కోసం కట్టింది. అందులో భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. మామూలు సిపాయిల పేర్లు చెక్కలేదు. పటాలం పేరు రాసి, కింద ఇంతమంది అని వేశారు. ఈ స్మారకాలు చూసే సంస్థ 1917లో పుట్టింది. ఇప్పుడు దాన్ని కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అంటారు. చావులో హోదా తేడా లేదు, జాతి తేడా లేదు, అందరూ సమానమే అన్నది దాని మొదటి సూత్రం. నూరేళ్ళు పోయాక, 2021లో, ఆ సంస్థే ఒప్పుకుంది. మొదటి యుద్ధంలో పోయిన ఆసియా, ఆఫ్రికా వాళ్ళలో కనీసం 1,16,000 మందిని పేరుపెట్టి గుర్తుచేసుకోలేదు, ఆ లెక్క 3,50,000 దాకా ఉండొచ్చు అని. బ్రిటిష్ పార్లమెంటులో రక్షణ మంత్రి క్షమాపణ చెప్పాడు.

మరి మా పెదనాన్న రెండో యుద్ధం మనిషి. అప్పటికి సిపాయిల పేర్లు కూడా రాశారు. రాస్తే మాత్రం? దొరకాలి కదా!

ఆ సంస్థ జాబితా అంతా కంప్యూటర్లో ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. మా అబ్బాయి చూపించాడు. పేరు కొట్టాం. లేదు. ఇంటిపేరు కొట్టాం. లేదు. ఇంటిపేరు వెనకా ముందూ చేసి కొట్టాం. లేదు. నాలుగు నెలలు అలాగే గడిచింది.

ఎందుకు దొరకలేదో ఇప్పుడు చెబుతాను, ఇది మీలో చాలామందికి పనికొస్తుంది. అప్పలస్వామి అనే పేరు తీసుకోండి. మన వైపు వీధికి నలుగురు. తెలుగు రాని గుమస్తా ముందు మన కుర్రవాడు నిలబడి పేరు చెప్పాడు. వాడు చెవికి వినపడినట్టు రాశాడు. ఒక 'పి' తగ్గింది. 'స్వామి' కాస్తా 'సామి' అయింది. ఇంకోడు రెండు ముక్కలు చేసి రాస్తాడు. ఇంకోడికి అప్పల ఉప్పల అవుతుంది. ఇంటిపేరు చాలాసార్లు రాయనే రాయలేదు. ఒక్క పేరే, అదే ఇంటిపేరు వరసలో వేసేస్తారు. అందుకని ఒకటే రకంగా వెతికితే దొరకదు. ఎనిమిది రకాలుగా, పది రకాలుగా వెతకాలి.

రెండోది ఊరు. నేను శ్రీకాకుళం అని వెతికాను. అప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉందా? లేదు. 1950లో వచ్చింది. అంతకు ముందు విశాఖపట్నం జిల్లా, వాళ్ళ స్పెల్లింగులో వైజాగపటం. ఇంకా వెనక్కి వెళ్తే, 1936 దాకా శ్రీకాకుళం తాలూకా గంజాం జిల్లాలో ఉండేది. శ్రీకాకుళం అన్న మాటే వాళ్ళ కాగితాల్లో ఉండదు, చికాకోల్ అని ఉంటుంది. అటు గోదావరి వాళ్ళకీ ఇదే తంటా. పశ్చిమ గోదావరి 1925లో పుట్టింది. మొదటి యుద్ధంలో తాడేపల్లిగూడెం మనిషిని గోదావరి కింద వెతికితే కనపడడు, కృష్ణా కింద వెతకాలి. ప్రకాశం జిల్లా 1970 దాకా లేనే లేదు. సిపాయి కదలకుండా అక్కడే ఉన్నాడు. జిల్లాలు కదిలిపోయాయి.

ఒక రాత్రి మా అబ్బాయి పేరు వదిలేసి, రెజిమెంటు ఇండియన్ పయనీర్ కోర్ అని పెట్టి, వైజాగపటం అని కొట్టాడు. పేజీలకి పేజీలు వచ్చాయి. ఒక్కటొక్కటీ చదువుకుంటూ పోయాం. అబ్బ, ఎంతమంది మనవాళ్ళు! రాములు, అప్పన్నలు, సూరయ్యలు, సింహాచలాలు, నరసింహులు. పక్క ఊళ్ళ పేర్లు. ఆ ఊరు, ఈ ఊరు. మనం రోజూ బస్సులో పోతూ చూసే ఊళ్ళు! రాత్రి రెండున్నరకి మా ఊరు కనపడింది. ఎంత వంకరగా రాసి ఉందంటే పైకి చదివితేగాని మా ఊరని తెలియలేదు. తండ్రి పేరు మా తాత పేరు. తల్లి పేరు మా నాయనమ్మ పేరు. పయనీర్. నంబరు. ఇండియన్ పయనీర్ కోర్. 1943 ఆగస్టు. వయసు 22.

ఆ కింద ఇంకొక వాక్యం ఉంది. ఫలానా ఆవిడ భర్త, అని.

మాకు తెలియదు. ఆయనకి పెళ్ళయిందని మాకు తెలియదు! మా నాన్న చెప్పలేదు, మా అమ్మ చెప్పలేదు, నాయనమ్మ ఏనాడూ చెప్పలేదు. మాకొక పెద్దమ్మ ఉందని ఇంగ్లండు వాళ్ళ జాబితా చూసి తెలుసుకున్నాం. అప్పటికి మా నాన్న లేరు. ఎనభై అయిదేళ్ళ మేనత్త ఒకావిడ ఉంది. వెళ్ళి అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తరవాత చెప్పింది. పదిహేడేళ్ళ పిల్లట. కాపురం నాలుగు నెలలట. కాగితం వచ్చాక ఏడాదిపాటు ఇక్కడే ఉంది. పింఛను వచ్చేది. మా తాతే వాళ్ళ నాన్నకి కబురంపాడట, పిల్లని తీసుకెళ్ళి మారుమనువు చేయండని. మనువు చేసుకుంటే పింఛను ఆగిపోతుందని తెలిసే చెప్పాడు. ఆ తరవాత ఇంట్లో ఆ పేరు ఎత్తకూడదని నాయనమ్మ ఆన పెట్టింది. కోపంతో కాదట. "పిల్ల ఇంకో ఇంటికి ఎల్లింది, ఈ ఇంటి ఏడుపు దాని ఎనకాల పోకూడదు" అన్నదట.

ఊరు చెప్పింది మేనత్త. నాగావళి అవతల. ఒక ఆదివారం వెళ్ళాను. ఆవిడ 2004లోనే పోయింది. పెద్ద కూతురు ఉంది, నాకన్నా అయిదేళ్ళు పెద్ద. ఏమని పరిచయం చేసుకోవాలి? మీ అమ్మ మొదటి పెనిమిటి మా పెదనాన్న, అని చెప్పాలా? గుమ్మంలో నిలబడి తడబడుతూ మా ఊరి పేరు చెప్పాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. "రా తమ్ముడూ, నోపలికి రా" అంది. ఆవిణ్ణి నేను అప్ప అంటాను ఆ రోజు నుంచి.

అప్ప దేవుడి గూట్లోంచి పసుపు గుడ్డ మూట తీసింది. విప్పితే నక్షత్రం. ఆరు కోణాల కంచు నక్షత్రం. చుట్టూ ఇంగ్లీషులో బర్మా స్టార్ అని, పైన కిరీటం. బర్మా యుద్ధంలో పనిచేసినవాళ్ళకి ఇచ్చిన పతకం. మామూలుగా దీనికి నీలం, నారింజ, ఎరుపు చారల రిబ్బను ఉంటుంది. ఆ రిబ్బను ఎప్పుడో చివికిపోయింది. దాని స్థానంలో ఎర్ర దారం కట్టి ఉంది, మొలతాడు దారం. ఏటా దీపావళి ముందు ఇత్తడి సామానుతో పాటు చింతపండు పెట్టి తోమేదట వాళ్ళమ్మ. అరవై ఏళ్ళు తోమితే ఏమవుతుంది? కోణాలు అరిగిపోయి గుండ్రమయ్యాయి. కిరీటం మీద గీతలు చదునైపోయాయి. నా చేతిలో పెడితే కొత్త చింతపండు వాసన వచ్చింది, దీపావళి వెళ్ళి వారమే అయింది.

వెనక్కి తిప్పాను. భారత సైన్యం వాళ్ళకి ఇచ్చిన నక్షత్రాల వెనక నంబరూ పేరూ కొట్టి ఉండడం తరచుగా చూస్తాం. అంకెలు సన్నగా ఉన్నాయి. జాబితాలో దొరికిన నంబరు రాసుకున్న చీటీ జేబులోంచి తీసి అప్ప చేతికిచ్చాను, ఆవిడ మనవరాలు చదివింది, ఇంటరు చదివే పిల్ల. తనొక అంకె చదవడం, నేనొక అంకె చూడడం. అన్నీ కలిశాయి. చివరి అంకె దగ్గర అరిగిపోయింది, వెలుగులోకి తీసుకెళ్ళి ఓరగా పట్టుకుంటే కనపడింది. కలిసింది.

ఆ నక్షత్రం అక్కడికి ఎలా వెళ్ళిందో అప్ప చెప్పింది. యుద్ధం అయిపోయి, స్వాతంత్ర్యం కూడా వచ్చేశాక, భార్య పేరున మా ఊరికి పార్సెల్ వచ్చిందట. మా తాత దాన్ని పట్టుకుని నడిచి వెళ్ళాడు. "గుమ్మంలోనే నిలబడ్డాడంట. 'అమ్మా, ఇది నీ పేరున ఒచ్చినాది, నీ కాడే ఉంచుకో' అనీసి ఎల్లిపోనాడంట. మంచినీల్లు కూడా తాగనేదంట." అప్ప నాన్నగారు కూడా ఆ మూట గూట్లోంచి తీయమని ఏనాడూ అనలేదట. ఆయనకి కూడా నేను దణ్ణం పెట్టుకుంటాను.

ఆ మూటలోనే ఒక పోస్టుకార్డు. ఎవరిచేతో రాయించిన కార్డు. మేమిక్కడ క్షేమం, అక్కడ అందరూ క్షేమమని తలుస్తాను, వానలు ఎక్కువగా ఉన్నాయి. ఊరు పేరు ఉండదు, సెన్సారు ఒప్పుకోదు. కానీ కింద కంపెనీ నంబరు ఉంది. వెతికేవాడికి అది బంగారం. లండన్‌లో క్యూ అనే చోట బ్రిటన్ జాతీయ అభిలేఖాగారం ఉంది. బర్మా యుద్ధంలో ఏ దళం ఏ రోజు ఎక్కడుందో రాసిన యుద్ధ దినచర్యలు అక్కడ దాచారు. మా స్నేహితుడి కూతురు అక్కడ చదువుకుంటోంది, వెళ్ళి ఆ పేజీలు ఫోటో తీసి పంపింది. 1943 వానాకాలం ఆ కంపెనీ ఎక్కడుంది? పాలెల్–తాము రోడ్డు మీద!

గుర్తొచ్చిందా? మా తాత 1942లో చెప్పుల్లేకుండా నడిచి వచ్చిన దారి. ఏడాది తిరిగేసరికి అదే దారిని కొడుకు పలుగుతో వెడల్పు చేశాడు. ఫిరంగులూ లారీలూ మళ్ళీ బర్మాలోకి వెళ్ళాలంటే ఆ రోడ్డు కావాలి. తాతకి ఆ సంగతి తెలుసో తెలియదో. నేను మ్యాపు పరుచుకుని ఆ రెండు ఊళ్ళ మీద రెండు వేళ్ళు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

ఆ దినచర్యలో మాటలు తక్కువ. వాన, చరియ విరిగింది, ఇన్ని గజాలు తీశాం, ఇంతమందికి జబ్బు. జబ్బు అంకె రోజురోజుకీ పెరుగుతుంది. మనం యుద్ధంలో పోయాడంటే గుండు తగిలిందనుకుంటాం. 1943లో ఆ సైన్యంలో గాయపడి వెనక్కి తెచ్చిన ఒక్కొక్క మనిషికీ జబ్బుతో తెచ్చినవాళ్ళు 120 మంది. ఒకటికి నూట ఇరవై! మలేరియా, రక్త విరేచనాలు, పొదల్లో పురుగు కుట్టి వచ్చే టైఫస్ జ్వరం. ఆ ఏడాది మలేరియా ఒక్కటే వందకి ఎనభై నాలుగు మందిని పడేసిందని సేనాపతి స్లిమ్ లెక్క చెప్పాడు. రోజూ పసుపుపచ్చ మెపాక్రిన్ మాత్రలు మింగించి, మింగారో లేదో అధికారులు నిలబడి చూసి, తరవాత తరవాత తగ్గించారు. మా పెదనాన్న ఆ తరవాతలకి ముందే పోయాడు. మాజీ సైనికులు తల ఊపుతున్నారు. మీకు తెలుసు, రోడ్డు లేకపోతే తుపాకీ కదలదు. 1944లో ఇంఫాల్, కొహిమా గెలిచారంటే ఆ వెనక ఇలాంటి పలుగులు ఎన్ని ఉన్నాయో.

ఇంక ఆయన పేరు ఎక్కడ రాశారు? అస్సాంలోనూ బర్మాలోనూ పోయి, సమాధిగానీ దహనం చేసిన గుర్తుగానీ దొరకనివాళ్ళందరికీ కలిపి ఒకచోట స్మారకం కట్టారు. దాదాపు 27,000 పేర్లు. పొడవాటి స్తంభాల వరసలు, మధ్యలో గుండ్రటి మంటపం. స్తంభాల ముఖాల మీద పేర్లు. అది ఎక్కడుందో తెలుసా? టౌక్యాన్‌లో. రంగూన్‌కి ఉత్తరాన. దాని పేరే రంగూన్ మెమోరియల్.

మా నాయనమ్మ ఏమనేది? నా కొడుకు రంగంలో పోనాడు. ఆయన మణిపూర్ కొండల్లో పోయాడు, రంగం మొహం చూడలేదు. పేరు మాత్రం రంగంలో ఉంది. మా శిష్యుడొకడు సరుకు ఓడల మీద పనిచేస్తాడు. రంగూన్‌ని ఇప్పుడు యాంగోన్ అంటారు, ఆ యాంగోన్ రేవులో ఓడ ఆగినప్పుడు బస్సెక్కి వెళ్ళి, స్తంభం వెతికి, ఫోటో తీసి పంపాడు. వేలితో పేరు కింద చూపిస్తూ తీశాడు. ఆ ఫోటో పెద్దది చేయించాను, సభయ్యాక చూడండి. ఒక 'పి' తగ్గించి చెక్కారు.

ఇప్పుడు ఒక ప్రశ్న వస్తుంది. ప్రతి సభలోనూ ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. మాస్టారూ, 1942లో దేశమంతా క్విట్ ఇండియా అని జైళ్ళకి వెళ్తుంటే, మీ పెదనాన్న తెల్లవాడి జీతం తీసుకున్నాడు కదా, అని. తీసుకున్నాడు. ఆయన్ని స్వాతంత్ర్య యోధుడు అనమని నేను అడగను. జైలుకెళ్ళినవాళ్ళ త్యాగం వేరు. బర్మాలో, మలయాలో ఉన్న మన తెలుగువాళ్ళలో ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ దారి వేరు. మా పెదనాన్న నెలనెలా ఇంటికి డబ్బు పంపాడు. ఆ డబ్బుతో మా నాన్న తిన్నాడు, బడికెళ్ళాడు. ఆయన చదవకపోతే నేను మాస్టారిని కాను. ఆ అన్నంలో మెతుకు నాలో ఉంది. అలాంటి మనిషిని ఏ జెండా కింద నిలబెట్టాలో తేలేదాకా పేరు పలకకూడదంటే నేను ఒప్పుకోను. ఆ యుద్ధంలో మన దేశం వాళ్ళు 87,000 మంది పోయారు. వాళ్ళలో ఎంతమంది ఇళ్ళల్లో ఒక నాయనమ్మ మాట మాత్రమే మిగిలిందో!

పంజాబులో చూడండి. మొదటి యుద్ధంలో ఊరూరా ఎవరు వెళ్ళారో రాసిన రిజిస్టర్లు లాహోరు మ్యూజియంలో ఉండిపోయాయి. 3,20,000 మంది వివరాలు. 2021లో వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. ఎక్కడో కెనడాలో ఉన్న మనిషి ముత్తాత ఊరు కొట్టి చూసుకుంటున్నాడు. ఆ పని మన ఊళ్ళకి మనం చేసుకోవాలి. రిజిస్టరు దొరికేదాకా ఆగక్కర్లేదు. ముసలమ్మలే రిజిస్టర్లు. మీ ఇంట్లో తొంభై ఏళ్ళ మనిషి ఉంటే ఈ రాత్రే కూర్చుని అడగండి. ఫోనులో రికార్డు చేయండి. ఆవిడ రంగం అంటే ఏ రంగమో అడగండి. నేను అడగలేదు.

ట్రంకు పెట్టెలు దించండి. పతకం దొరికితే ముఖం చూసి పెట్టేయకండి, అంచు చూడండి, వెనక చూడండి. మనియార్డరు ముక్కయినా పారేయకండి, దాని మీద నంబరుంటుంది. పాత సామాను కొనేవాడికి కంచు తూకానికి అమ్మేసినవాళ్ళని నేను చూశాను. అమ్మే ముందు నంబరైనా రాసుకోండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. పటాలం తెలిస్తే దాని కేంద్రానికి రాయండి. మద్రాసు శాపర్లదీ, పయనీర్లదీ, రెండూ బెంగళూరులోనే ఉన్నాయి.

పోయిన సంక్రాంతికి అప్ప మా ఇంటికి వచ్చింది. చేతిలో సంచి. పెద్దల పీట దగ్గర కూర్చుని సంచిలోంచి పంచె తీసింది, పక్కన నక్షత్రం పెట్టింది. మా నాయనమ్మ పేరున పెట్టిన చీర పక్కనే. నాకు మాట రాలేదు. ఇప్పుడు కూడా రావడం లేదు, క్షమించండి.

టైమయిపోయిందని అధ్యక్షులవారు చూస్తున్నారు. ఒక్క మాట చెప్పి దిగుతాను. ఆ మూల బల్ల దగ్గర మా అబ్బాయి కంప్యూటరు పెట్టుకుని కూర్చున్నాడు. మీ ఇంట్లో ఎవరైనా వెళ్ళి రానివాళ్ళుంటే, ఏ యుద్ధమైనా సరే, ఒక చీటీ మీద మూడు రాసుకుని రండి. ఆయన పేరు, తండ్రి పేరు, ఊరూ పాత తాలూకా. పేరు మీ ఇంట్లో ఎలా పిలిచేవారో అలాగే రాయండి, మిగతా రకాలు మేం వేసుకుంటాం. గ్రంథాలయం ఎనిమిదింటిదాకా తెరిచి ఉంచుతామన్నారు. అమ్మా, మీరు చెయ్యెత్తారు, మీతోనే మొదలుపెడదాం, రండి.